‘కెప్టెన్ అమెరికా’ మొదటి సినిమా: మెచ్చేవాళ్లూ తిట్టేవాళ్లూ చూసింది వేర్వేరు ముక్కలు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: “2011లో వచ్చిన ‘కెప్టెన్ అమెరికా: ది ఫస్ట్ అవెంజర్’ ఇంతవరకూ చూడలేదు. చూసినవాళ్లలో సగం మంది మార్వెల్ ఒరిజిన్ కథల్లో ఇదే బెస్ట్ అంటారు. మిగతా సగం సెకండాఫ్ తేలిపోయింది, విలన్ వేస్ట్, రెండో ప్రపంచయుద్ధం అని చెప్పి నాజీలనే చూపించలేదు అంటారు. బక్క హీరో గ్రాఫిక్స్ మీదా రెండు మాటలు. ఎవరి మాట పట్టుకోవాలి, ఏం గమనిస్తూ చూడాలి?”

ఇద్దరి మాటా పట్టుకోవచ్చు. ఇద్దరూ చెప్పేది ఒకే సినిమా గురించే గానీ, వాళ్ల మనసులో ఉన్న సీన్లు వేరు. మెచ్చుకునేవాళ్లు చెప్పే ఉదాహరణలు ఒక కాగితం మీద రాయండి: గ్రెనేడ్ సీను, డాక్టర్‌తో రాత్రి మాటలు, వీధిలో ఛేజు, బాండ్లమ్మే పాట. ఇవన్నీ యుద్ధఖైదీలను విడిపించే ఘట్టానికి ముందువే. తిట్టేవాళ్ల జాబితా తీస్తే చాలావరకు ఆ ఘట్టం తర్వాతివి. 124 నిమిషాల సినిమా అక్కడ రెండుగా చీలింది. మొదటి భాగంలో 1942, 43 సంవత్సరాలు కథని మోస్తాయి. రెండో భాగంలో ఆ యుద్ధకాలం వెనక గోడకి అంటించిన పోస్టరవుతుంది.

పీరియడ్ సినిమాని తూచడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. సీనుని యథాతథంగా ఈ రోజుల్లోకి తెచ్చి పెట్టి చూడండి. సీను విరిగిపోతే కాలం అక్కడ పనిచేస్తున్నట్టు. ఏమీ తేడా రాకపోతే ఖర్చంతా కోట్లకీ టోపీలకీ పెట్టినట్టే.

సైన్యంలో చేరడానికి హీరో స్టీవ్ రోజర్స్ పడే పాట్లు తీసుకోండి. ఆస్తమాతో మొదలై రోగాల చిట్టా ఉన్న కుర్రాడు. ఆరోగ్య పరీక్షలో పనికిరాడని తేలినవాళ్లకి అప్పట్లో అమెరికా సైన్యం వేసే ముద్ర ‘ఫోర్-ఎఫ్’. ఈ కుర్రాడు ఊరిపేరు మార్చి మార్చి ఐదు చోట్ల ప్రయత్నిస్తాడు. దరఖాస్తులో అబద్ధం రాస్తే నేరమని గదిలో బోర్డు కనిపిస్తూనే ఉంటుంది. ఈడు కుర్రాళ్లంతా యూనిఫామ్‌లో తిరుగుతున్న ఏడాది కాబట్టే ఆ ముద్ర అతనికంత అవమానం. ఐదుసార్లు ప్రయత్నించాడన్న సంగతే డాక్టర్ ఎర్‌స్కిన్ కంట్లో పడి అతన్ని ఎంచుకునేలా చేస్తుంది. దీన్ని ఇవాళ్టికి మార్చండి, కథ మొదలే కాదు.

(మన పక్క నుంచి కాలం గుర్తు కావాలంటే: సినిమాలో విలన్ మొదట కనిపించే నార్వే ఘట్టం 1942 మార్చిలో జరుగుతుంది. ఆ తర్వాతి నెల 6వ తేదీన జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి.)

ఇక బాండ్ల టూరు. సినిమాలో అన్నిటికన్నా తెలివైన భాగం ఇదే, జనం తక్కువగా మాట్లాడేదీ దీని గురించే. బక్క స్టీవ్‌ని బలవంతుణ్ణి చేసిన సీరమ్ ఎర్‌స్కిన్‌ది. ఆయన చనిపోవడంతో దాని ఫార్ములా ఆయనతోనే పోయింది. కల్నల్ ఫిలిప్స్‌కి కావాల్సింది ఓ పటాలం, చేతికొచ్చింది ఒక్కడు. అక్కర్లేదన్నాడు. ఒక సెనేటర్ ఆ ఒక్కణ్ణి పట్టుకెళ్లి స్టేజీ ఎక్కించి యుద్ధ బాండ్లు అమ్మించాడు. అవి నిజంగా ఉన్నవే, ‘సిరీస్ ఇ’ బాండ్లు. 25 డాలర్ల బాండు 18.75 డాలర్లకి అమ్మేవారు, పదేళ్లకి పూర్తి సొమ్ము చేతికొచ్చేది. అంతలేసి ఖర్చుతో తయారుచేసిన వీరుణ్ణి ప్రభుత్వం సేల్స్‌మన్‌ని చేసింది. చెప్పాల్సిన మాటలు డాలు వెనక అంటించుకుని చదువుతుంటాడు, గమనించండి. వెనక డాన్సర్లు, నకిలీ హిట్లర్‌కి రోజూ ఒక గుద్దు. పాటకి బాణీ అలన్ మెంకెన్, సాహిత్యం డేవిడ్ జిప్పెల్. అప్పటి స్టేజీ పాటల వరసలోనే కట్టారు కాబట్టి ఎగతాళిలా కాకుండా నిజంగా ఆ రోజుల్లో మోగిన పాటలాగే వినిపిస్తుంది.

ఈ టూరు వల్ల ఇంకో చిక్కు కూడా తీరింది. ఎరుపు, తెలుపు, నీలం రంగుల బిగుతు దుస్తుల్లో ఒకడు తుపాకుల మధ్యకి వెళ్తే ప్రేక్షకుడు నవ్వుతాడు. కామిక్ సూపర్‌హీరోని తెరకెక్కించే ప్రతివాళ్లకీ ఎదురయ్యే తలనొప్పి ఇది. ఇక్కడ ఆ నవ్వుని సినిమాయే ముందు నవ్వేసింది. ఇటలీలో అసలు సైనికుల ముందు ఆ వేషంతో నిలబడితే గోల చేస్తారు, టమాటాలు విసురుతారు. ఆ తర్వాత అతను పక్కన కూర్చుని బొమ్మల పుస్తకంలో తననే సర్కస్ కోతిగా గీసుకుంటాడు. ఆ అవమానం మీదే కథ మలుపు తిరుగుతుంది. అక్కణ్ణించి వేషం ముక్క ముక్కగా మారుతుంది: స్టేజీ దుస్తుల మీద తోలు జాకెట్, డాన్సర్లు పెట్టుకునే ‘ఏ’ అక్షరం హెల్మెట్, చేతిలో అదే స్టేజీ డాలు. పూర్తి యూనిఫామ్ వచ్చేసరికి మన కన్ను అలవాటు పడిపోయి ఉంటుంది.

డాలు ప్రయాణం కూడా ఇలాగే, చెప్పకుండా చేసిన పని. సందులో తన్నులు తింటూ చెత్తడబ్బా మూత అడ్డం పెట్టుకుంటాడు. ఛేజులో విరిగిన టాక్సీ తలుపు, దాని మీద టాక్సీ కంపెనీ గుర్తుగా నక్షత్రం. స్టేజీ మీద మూడు మూలల డాలు. చివరికి గుండ్రటిది. కామిక్స్ చరిత్ర తెలిసినవాళ్లకి ఇక్కడ ఇంకో రుచి. జో సైమన్, జాక్ కర్బీ చేసిన మొదటి సంచికలో డాలు మూడు మూలలదే. వేరే ప్రచురణకర్త హీరోని పోలి ఉందని అభ్యంతరం రావడంతో రెండో సంచిక నుంచి గుండ్రంగా మార్చారు. ఆ మొదటి సంచిక అట్ట మీద తేదీ 1941 మార్చి, దుకాణాల్లోకి వచ్చింది 1940 డిసెంబర్‌లో. అంటే పెర్ల్ హార్బర్‌కి దాదాపు ఏడాది ముందే, అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకుండానే, అట్ట మీద హిట్లర్ దవడ పగలగొట్టించారు. గీసిన ఇద్దరూ యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్లు. సినిమాలో ఆ అట్టనే టూరు ప్రచారం కింద పిల్లల చేతుల్లో పెట్టారు.

“హీరోయిజం ఎలివేట్ కాలేదు” అనేవాళ్లకి గ్రెనేడ్ సీను మళ్లీ చూడమని చెబుతాను. కల్నల్‌కి నచ్చింది హాడ్జ్ అనే దిట్టమైనవాడు, డాక్టర్‌కి నచ్చింది స్టీవ్. వాదన తేల్చడానికి కల్నల్ ఒక గ్రెనేడ్ విసిరి అరుస్తాడు. హాడ్జ్‌తో సహా అందరూ చెల్లాచెదురు. స్టీవ్ మాత్రం దాని మీద ముడుచుకుని పడుకుని, దగ్గరికి రావద్దని చేత్తో అందర్నీ తరుముతుంటాడు. అది ఉత్తుత్తి గ్రెనేడ్. కల్నల్ ఓడిపోయి కూడా, ఇంకా బక్కగానే ఉన్నాడు కదా అని గొణిగి వెళ్లిపోతాడు. స్లో మోషన్ లేదు, చెవులు పగిలే బీజీఎం లేదు. ఆ చెయ్యి ఊపడంలోనే ఉంది ఎలివేషనంతా. మన మాస్ కొలతతో కొలిస్తే ఈ సినిమాలో నిజంగానే ఎలివేషన్లు తక్కువ, అది ఒప్పుకోవాలి. కానీ బలం రాకముందే హీరో అయిపోయినవాడి కథ ఇది. బలం వచ్చాక ఎలివేట్ చేయడానికి మిగిలేది కండలే.

సీరమ్ ఎక్కించే ముందు రాత్రి సీను కూడా అంతే. ఎర్‌స్కిన్‌గా స్టాన్లీ టూచీ తన సొంతూరు ఆగ్స్‌బర్గ్ నుంచి తెచ్చిన మద్యం రెండు గ్లాసుల్లో పోస్తాడు. రేపు నీకు ప్రయోగం ఉంది, ఏమీ తాగకూడదు అని గుర్తొచ్చి స్టీవ్ గ్లాసు తీసుకుంటాడు. సరే, అయ్యాక తాగుదాం అంటాడు స్టీవ్. నాకేం ప్రయోగం లేదుగా, నేనిప్పుడే తాగుతా అని డాక్టర్ గుటకేస్తాడు. మర్నాడే చనిపోయే మనిషిని మనకి దగ్గర చేయడానికి ఆ ఒక్క గ్లాసు చాలింది. సీరమ్ సూత్రం కూడా ఈ సీనులోనే ఉంది: మనిషిలో ఉన్నదాన్ని అది పెంచుతుంది, మంచిని మరింత మంచిగా, చెడుని మరింత చెడుగా. వరం ఇచ్చేవాడు పుచ్చుకునేవాడి గుణం చూడకపోతే ఏమవుతుందో భస్మాసురుడి కథ విన్న మనకి విడమరచి చెప్పక్కర్లేదు. ఈ సినిమా విలన్ రెడ్ స్కల్ ఆ తప్పుకి పుట్టినవాడే.

గ్రాఫిక్స్ మాటకొస్తే, బక్క స్టీవ్‌ని చూసి “తల ఎవరిదో, ఒళ్లు ఎవరిదో” అని చాలామంది తేల్చేస్తారు. ఎక్కువ షాట్లలో తలా ఒళ్లూ రెండూ క్రిస్ ఇవాన్స్‌వే. లోలా అనే సంస్థ ఆయన ఆకారాన్నే డిజిటల్‌గా కుదించింది. దర్శకుడు జో జాన్‌స్టన్ చెప్పిన లెక్క ప్రకారం ఇలాంటి సీను ఒక్కోటి కనీసం నాలుగుసార్లు తీశారు. ఒకసారి మామూలుగా అందరితో కలిపి. ఒకసారి ఇవాన్స్ ఒక్కణ్ణీ గ్రీన్ స్క్రీన్ ముందు, తర్వాత కుదించడానికి. ఒకసారి ఇవాన్స్ లేకుండా మిగతా అందరితో, కుదించిన బొమ్మని అతికించడానికి ఖాళీ ఉండాలి కాబట్టి. చివరగా లియాండర్ డీనీ అనే సన్నటి నటుడితో, అవసరమైతే ఆ ఒంటి మీద ఇవాన్స్ ముఖం పెట్టడానికి.

తేడా కొట్టే అవకాశం ఉండేది రెండు చోట్ల. మొదటిది చూపు. బొమ్మని కుదించాక కళ్లు కిందికి దిగిపోతాయి. ఎదుటి నటుడు షూటింగ్‌లో నిజం కళ్లలోకే చూస్తే, తెరమీద నెత్తిమీదుగా చూస్తున్నట్టుంటుంది. అందుకని క్లోజప్‌లలో మిగతావాళ్లు ఇవాన్స్ గడ్డం మీద పెట్టిన గుర్తుని చూసి మాట్లాడారు, ఆయన వాళ్ల తల పైభాగం మీది గుర్తుని చూశాడు. నడిచే సీన్లలో ఎదుటివాళ్లని ఎత్తు పలకల మీద నడిపించారు. రెండోది నిష్పత్తి. మనిషిని మొత్తంగా కుదిస్తే బక్కవాడు కాడు, దూరంగా ఉన్న దిట్టవాడవుతాడు. మెడ, భుజాలు, దవడ విడివిడిగా సన్నం చేయాలి. భుజాలు తగ్గించినంతగా తల తగ్గించకపోతే తల పెద్దదిగా కనిపిస్తుంది, ప్రేక్షకులు పట్టుకున్నది దీన్నే. గొంతుని మాత్రం అలాగే వదిలేశారు. అంత సన్నటి ఛాతీలోంచి అంత నిండు గొంతు రావడం కొందరికి ఎబ్బెట్టుగా ఉంటుంది, నాకూ అది ఒప్పుకోదగ్గ ఫిర్యాదే అనిపిస్తుంది. మొత్తం మీద పదేళ్లు దాటినా ఈ పని నిలబడింది. విచిత్రంగా, పాతబడినవి క్లైమాక్స్ విమానం షాట్లు.

సెట్టింగుల గురించి రెండు ముక్కలు. న్యూయార్క్ వీధులుగా చూపించినవాటిలో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ డేల్ స్ట్రీట్ ఉంది, రేవు భాగానికి లివర్‌పూల్ స్టాన్లీ డాక్ ఉంది. పాత ఇటుక గోదాములు అక్కడ చెక్కుచెదరకుండా ఉండటమే కారణం. నిజం వీధుల్లో తీసిన తేడా ఛేజు సీనులో తెలుస్తుంది: చెప్పుల్లేకుండా పరిగెత్తే స్టీవ్ కొత్త ఒంటికి బ్రేకులు వేయడం రాక, మలుపు తిరగలేక పెళ్లి బట్టల కొట్టు అద్దంలోంచి దూసుకెళ్తాడు. గూఢచారి ఒక పిల్లాణ్ణి నీళ్లలోకి విసిరేస్తే, వాడు నాకు ఈతొచ్చు, నువ్వు వెళ్లి వాణ్ణి పట్టుకో అంటాడు. జాన్‌స్టన్ 1991లో 1938 నాటి లాస్ ఏంజిలస్ నేపథ్యంగా ‘ది రాకెటీర్’ తీసినవాడు. ఇలాంటి చిన్న సరదాలు ఆయనకి అలవాటు.

ఇక తిట్లకొద్దాం. మొదట్లో హైడ్రా అనే సంస్థ నాజీల పరిశోధన విభాగం. రెడ్ స్కల్ తనని ప్రశ్నించడానికొచ్చిన నాజీ అధికారులని బూడిద చేసేసరికి ఆ బంధం తెగిపోయింది, సినిమాకి నాజీలతో పని కూడా అయిపోయింది. ఆ తర్వాత శత్రువులు నల్ల ముసుగులు, చేతుల్లో నీలం కాంతి తుపాకులు. వాటి దెబ్బ తగిలితే మనిషి మాయమవుతాడు. శవం లేదు, గాయం లేదు, రక్తం లేదు. అమెరికాలో పిల్లలూ చూడగలిగే పీజీ-13 సర్టిఫికెట్‌కి ఇది బాగా పనికొస్తుంది, యుద్ధానికి మాత్రం బరువు పోతుంది. ఆ సీన్లు ఏ కాలంలోకి మార్చినా ఇబ్బంది లేదు. ఇందాకటి పరీక్షలో తప్పింది ఇక్కడే. “నాజీలు లేని నాజీ యుద్ధం” అనే విమర్శకి జవాబు లేదు. జర్మనీలో ఏం జరుగుతోందన్న మాట గట్టిగా పలికేది ఎర్‌స్కిన్ ఒక్కడే, ఆయన మొదటి సగంలోనే పోతాడు.

దీనికన్నా తక్కువగా వినిపించే విమర్శ ఒకటుంది, నా లెక్కలో అది ఇంకా పెద్దది. స్టీవ్ దళంలో నల్లజాతి సైనికుడు గేబ్ జోన్స్, జపాన్ మూలాలున్న జిమ్ మొరీటా తెల్లవాళ్లతో కలిసి పోరాడతారు. అప్పటి అమెరికా సైన్యంలో నల్లవాళ్లకి వేరే దళాలు. ఆ విభజన రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది 1948 జులైలో. జపాన్ మూలాలవాళ్లు 442వ రెజిమెంట్‌గా విడిగా పోరాడుతుంటే, సుమారు 1,20,000 మంది వాళ్ల మనుషులు స్వదేశంలోనే నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు. సినిమాలో మొరీటాని ఒకడు అనుమానంగా చూస్తే, నాది ఫ్రెస్నో అని మెడలో బిళ్ల చూపిస్తాడు. అంతటితో సరి. ఫోర్-ఎఫ్ ముద్రని అంత శ్రద్ధగా కథలో వాడినవాళ్లు, దీన్ని ఒక జోకుతో దాటేశారు. రహస్య దళం కాబట్టి కలిసి ఉన్నారని సర్ది చెప్పుకోవచ్చు, కానీ ఆ సర్దుబాటు మనం చేసుకోవాల్సిందే తప్ప సినిమా చేయదు.

సెకండాఫ్ తొందర గురించి. ఖైదీలని విడిపించాక దళం హైడ్రా స్థావరాలని ఒక్కొక్కటే కూల్చడాన్ని ఒక మాంటేజ్‌లో చుట్టేశారు. యాక్షన్ గుర్తుండాలంటే ఎక్కడున్నామో తెలియాలి, అడ్డం ఏమిటో తెలియాలి, ఏదో ఒకటి పోవాలి. ఈ మాంటేజ్‌లో మూడూ లేవు: ఎక్కడో అడవి, ఎక్కడో ఫ్యాక్టరీ, ఎవరికీ ఏమీ కాదు. రైలు సీనులో మూడూ ఉన్నాయి. ఇరుకు పెట్టె, పక్కన లోయ, చివరికి స్టీవ్ ప్రాణస్నేహితుడు బకీ. అందుకే తిట్టేవాళ్లు కూడా దాన్ని వదిలేస్తారు. బకీ పడిపోయాక బాంబులకి కూలిన బార్‌లో స్టీవ్ తాగుతూ కూర్చునే సీను బాగుంది, అతని ఒళ్లు మద్యాన్ని మామూలుకి నాలుగింతల వేగంగా కరిగించేస్తుంది కాబట్టి మత్తెక్కదు. వరం శాపంగా మారిన చోటు. ఇంకొంచెం సేపు నిలవాల్సింది, నిలవలేదు.

విలన్ విషయం: హ్యూగో వీవింగ్ తప్పు లేదు. అతనికీ స్టీవ్‌కీ ఒకే సీరమ్ ఎక్కినా, ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకునే సీన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అద్దం పెట్టి ఎదురుగా ఎవర్నీ నిలబెట్టనట్టుంది.

“అమెరికా డప్పు” అన్న ఫిర్యాదు టైటిల్ చూసి చేసేది. రష్యా, ఉక్రెయిన్, దక్షిణ కొరియాల్లో టైటిల్‌లో ఆ పేరు తీసేసి ‘ది ఫస్ట్ అవెంజర్’ అని మాత్రమే విడుదల చేశారు. కథ లోపల డప్పు కొట్టే ఉద్యోగమే స్టీవ్‌కి నచ్చని ఉద్యోగం.

చూసేటప్పుడు పనికొచ్చేవి. వీలైతే ఇంగ్లిష్ ఆడియోతో సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఎర్‌స్కిన్ జర్మన్ యాస, స్టీవ్ మనసుపడ్డ అధికారిణి పెగ్గీ బ్రిటిష్ యాస, ఫిలిప్స్ విసుగు డబ్బింగ్‌లో నిలవడం కష్టం. త్రీడీ కోసం వెతక్కండి, అది తర్వాత మార్చిందే. పిల్లలతో చూస్తే క్లైమాక్స్ విమానంలో ఒకడు ప్రొపెల్లర్‌లో పడే షాటు ఉంది, క్షణంలో పోతుంది. క్లైమాక్స్ అయ్యాక ఆస్పత్రి గదిలో రేడియో మాట జాగ్రత్తగా వినండి. బేస్‌బాల్ మ్యాచ్ వస్తుంటుంది. అది 1941 మేలో జరిగిన ఆట, నేనక్కడే ఉన్నాను అని స్టీవ్ పసిగట్టేస్తాడు. కాలం మళ్లీ కథలో పనిచేయడం మొదలవుతుంది. బయటికి పరిగెత్తితే 2011 నాటి టైమ్స్ స్క్వేర్. అతను బాధపడేది డెబ్భై ఏళ్లు పోయినందుకు కాదు, ఒక శనివారం రాత్రి ఎనిమిదింటికి పెగ్గీతో డాన్సుకి వెళ్లాల్సింది తప్పిపోయినందుకు. వాళ్లు అనుకున్న చోటు స్టోర్క్ క్లబ్, న్యూయార్క్‌లో నిజంగా ఉండేది. 1965లో మూతపడింది.

టైటిల్స్ పడగానే ఆపేయకండి. అప్పటి యుద్ధ ప్రచార పోస్టర్లతోనే వాటిని తయారుచేశారు. తర్వాతి సినిమాకి దారి చూపే చిన్న సీను అంతా అయ్యాక వస్తుంది. వరసలో 2012 నాటి ‘ది అవెంజర్స్’, 2014 నాటి ‘ది వింటర్ సోల్జర్’ చూడండి. పెగ్గీ నచ్చితే 1946లో మొదలయ్యే ‘ఏజెంట్ కార్టర్’ సిరీస్ ఉంది, రెండు సీజన్లు.